మూడో ప్లేటు దాచిన ముక్క

మార్చి 9, శనివారం, ఉదయం 11 గంటల 20 నిమిషాలకు మూడో ప్లేటు తన చేతిలోని ఆఖరి పేకముక్కను దించింది. దాని శిక్షణ పూర్తయి రెండేళ్ల నెల రోజులైంది. ఈలోగా అది ముప్పై ఆరు లక్షల ఆటలు ఆడింది. ఆఖరి ముక్క దించడం అదే మొదటిసారి.

ఆ సమయానికి విశాఖపట్నం మధురవాడలో, గవ్వల స్టూడియో మూడో అంతస్తులో, ఆటను సరితూచే తూకం గదిలో, ప్లేట్ల బాధ్యత చూసే డాక్టర్ మాళవిక ఒక్కతే ఉంది. ఆమె నోటుపుస్తకంలో సమయం వేసి, పక్కన "దించింది" అని రాసింది. తర్వాత వరండాలోకి వెళ్లి విజయనగరానికి ఫోన్ చేసింది. కోరాడ అప్పలసూరి ఫోన్ ఎత్తలేదు. అతను ఆర్టీసీ కండక్టర్. అప్పుడు శ్రీకాకుళం వెళ్లే బస్సులో టికెట్లు కొడుతున్నాడు.

ప్లేటు అంటే అరచేతి వెడల్పున్న గాజు పళ్లెం. అందులో ఒక మనిషి నెత్తురు నుంచి తీసి పెంచిన నాడీకణాలు ఎనిమిది లక్షలు ఉంటాయి. అడుగున తీగలు. ఆటలో ఏ ముక్క ఎక్కడుందో ఆ తీగల ద్వారా కణాలకు చేరుతుంది. ఏ ముక్క దించాలో కణాలు అదే దారిలో తిరిగి చెబుతాయి. మూడో ప్లేటులోని కణాలు అప్పలసూరి చెల్లెలు హైమవి. ఆమె చనిపోయి పదహారు నెలలు.

గవ్వల స్టూడియో తయారుచేసే పేక పేరు "ఐదు తెగలు". దుకాణంలో పొట్లాలుగా అమ్ముతారు. కొన్నవాళ్లు ముక్కలు పోగేసుకుని, మార్చుకుని, నలభై ముక్కల కట్ట కట్టుకుంటారు. బల్ల మీద తొమ్మిది గళ్లు ఉంటాయి, వాటిని మళ్లు అంటారు. కట్టలోంచి ఏడేసి ముక్కలు తీసుకుని ఆడతారు, మధ్యలో కొత్తవి తీసుకోరు. ఐదు ఎవరు గెలిస్తే ఆట వాళ్లది. కొండ తెగ గెలిచిన మడిని కాచుకుంటుంది. ఏటి తెగ ఒక మడి నుంచి ఇంకో మడికి జరుగుతుంది. ఉప్పు తెగ ఎదుటివాళ్ల ముక్కను కరిగిస్తుంది. దీపం తెగ ఎదుటివాళ్ల చేతిలోకి చూస్తుంది. గింజ తెగ ముక్క పండుతుంది: చేతిలో ఎన్ని రౌండ్లు ఉంచుకుంటే దాని బలం అంత పెరుగుతుంది.

స్టూడియో పెట్టిన తాడిమేటి వేణుమాధవ్ మొదటిరోజు గోడ మీద రెండు వాక్యాలు రాయించాడు. ఏ తెగ పట్టినా నూటికి యాభై ఆటలు గెలవాలి. మొదటి మూడు ఎత్తులు చూస్తే ఎవరిది ఏ తెగో తెలిసిపోవాలి.

మొదట కంప్యూటర్ చేత ఆడించారు. నాలుగో రోజుకు ఐదు తెగలూ యాభై దగ్గరకు వచ్చాయి. ఐదో రోజు వేణుమాధవ్ తెగల పేర్లు చెప్పకుండా ఇరవై ఆటల ఎత్తులు తెరమీద వేయించాడు. గదిలో ఉన్న పన్నెండు మంది పరీక్ష ఆటగాళ్లలో ఒక్కరు కూడా ఏది ఏ తెగో చెప్పలేకపోయారు. కొండవాళ్లు ఏటివాళ్లలా జరుగుతున్నారు, ఏటివాళ్లు కొండవాళ్లలా కాచుకుంటున్నారు. ఆ పన్నెండు మందిలో హైమ ఒకతె.

"అందరూ ఒక్క మేస్టారి దగ్గర టూషన్ సదివినట్టున్నారు సార్" అంది ఆమె.

ప్లేట్ల ఆలోచన ఆ తర్వాత వచ్చింది. ఒక్కో తెగకు దాన్ని ఇష్టపడి ఆడే మనిషిని ఒకరిని ఎంచుకున్నారు. గింజ తెగకు హైమను. పది మిల్లీలీటర్ల నెత్తురు తీసుకున్నారు. కణాలు ఎదగడానికి ఏడు వారాలు పట్టింది. తర్వాత మూడు నెలలు ఆమె మెదడు సంకేతాలు చదివే పట్టీ తలకు పెట్టుకుని రోజుకు ఆరు గంటలు ఆడింది. ఆమె ఏం దించబోతోందో ప్లేటు ముందే చెప్పాలి. సరిగ్గా చెబితే దానికి ఒకే వరుసలో సాగే విద్యుత్ తరంగం ఇచ్చారు. తప్పితే గజిబిజి తరంగం ఇచ్చారు. తూకం గదిలో దీన్ని "చప్పుడు" అనేవారు. కణాలు చప్పుడును తప్పించుకునే దారి వెతుక్కుంటాయి. అలా నేర్చుకుంటాయి.

ఐదు ప్లేట్లు తయారయ్యాక పరీక్ష ఆటగాళ్లు పన్నెండు మందినీ వేరే పనులకు పంపించేశారు. హైమ ప్యాకింగ్ విభాగానికి వెళ్లింది. ప్లేట్లు పద్దెనిమిది సెకన్లకో ఆట చొప్పున ఆడుతూ పోయాయి. రోజూ సాయంత్రం ఏ తెగ నూటికి ఎన్ని గెలిచిందో ఒక పట్టీ వచ్చేది. తగ్గిన తెగకు బలం పెంచేవారు, పెరిగిన తెగకు తగ్గించేవారు. గింజ తెగ ఎప్పుడూ తక్కువలోనే ఉండేది. దాని ముక్కలు రౌండుకు ఒక పాయింటు చొప్పున పండేవి. రెండేళ్లలో దాన్ని రెండు చేశారు.

హైమ నిరుడు కాక అంతకుముందు ఏడు నవంబరు 2న విజయనగరం ఆసుపత్రిలో డెంగీతో చనిపోయింది. ఆరు రోజులు ఉంది. వయసు ఇరవై తొమ్మిది.

పెద్దకర్మ అయిన వారానికి అప్పలసూరి ఆమె వస్తువుల కోసం మధురవాడ వచ్చాడు. ఒక స్టీలు సీసా, రెండు చున్నీలు, క్లిప్పుల డబ్బా. మాళవిక అవి సంచిలో పెట్టి ఇచ్చి, "ఇంకొకటి ఉందండీ. వస్తువు కాదు" అంది.

అతను ప్లేటు ఉంచిన పెట్టె అద్దంలోంచి చూశాడు.

"ఇదేటి మేడమ్, ఇడ్లీ ప్లేటులాగున్నాది?"

"మీ చెల్లెలి ఆట ఇందులో ఉంది. ఒకటి ఆడతారా?"

అతను ఉప్పు తెగ కట్ట తీసుకున్నాడు. హైమ ఇంటికి తెచ్చిన నమూనా పొట్లాలతో అన్నాచెల్లెళ్లు ఆడుకునేవారు. ఆ ఆటలో అప్పలసూరి గెలిచాడు. తెర మీద ప్లేటు చేతిలో ఒక ముక్క మిగిలి ఉంది. అతను దాన్ని కాసేపు చూశాడు.

"ఎవలికి దాస్తన్నావే ఆ ముక్క? మీ అత్తకా?" అన్నాడు. తర్వాత మాళవిక వైపు తిరిగాడు. "చిన్నప్పట్నుంచీ ఇదే వరస మేడమ్. ఏ ఆటాడినా ఆఖరి ముక్క దీని చేతిలోంచి రాదు. మా ఇంట్లో బియ్యం డబ్బా అడుగంటా గీకకూడదు. గుప్పెడుంచి, దాని మీద కొత్తవి పొయ్యాల. లేపోతే మా అమ్మ ఇంతెత్తున లెగుస్తాది. ఈ గుంట పిల్ల దాన్ని పేకలోకి కూడా పట్టుకొచ్చీసింది. ఓడిపోనా సరే, చెయ్యి ఖాళీ చెయ్యదు."

మాళవిక నవ్వింది. "మరి మీరు?"

"నాను కండక్టర్ని మేడమ్. ఆఖరి స్టాపొచ్చీసరికి బస్సు ఖాళీ చేసీడమే నా పని."

ఆ రోజు మాళవిక నోటుపుస్తకంలో ఆట ఫలితం ఉంది. ఈ మాటలు లేవు.

అప్పలసూరికి గురువారం సెలవు. అప్పటి నుంచి అతను గురువారం ఉదయం బస్సెక్కి మధురవాడ వచ్చి, ఒక ఆట ఆడి, మధ్యాహ్నం భోజనానికి ఇంటికి చేరేవాడు. సందర్శకుల పుస్తకంలో అతని సంతకాలు యాభై ఎనిమిది ఉన్నాయి. అతను ముప్పై రెండు గెలిచాడు, ప్లేటు ఇరవై ఆరు గెలిచింది. గెలిచినా ఓడినా ప్లేటు చేతిలో ఒక ముక్క మిగిలేది. అతను ప్రతిసారీ అదే మాట అనేవాడు. ఇంటికి వెళ్లాక తల్లి సన్యాసమ్మ ఒకటే అడిగేది.

"ఉంచిందా?"

"ఉంచింది."

సన్యాసమ్మ ఇంట్లో బియ్యం డబ్బా వంటగది మూలన ఉంటుంది. పెద్దకర్మ రోజు వంటకు సాయం వచ్చినవాళ్లు ఆ డబ్బాను అడుగంటా ఊడ్చేశారు. మర్నాడు ఆమె ఎదురింటికి వెళ్లి గుప్పెడు బియ్యం అడిగి తెచ్చి, డబ్బాలో వేసి, దాని మీద కొత్త బస్తా పోసింది.

"ఐదు తెగలు" ఈ ఏడాది జనవరి 20న దుకాణాలకు వెళ్లింది. ఆ రోజు తూకం పట్టీలో గింజ తెగ గెలుపు నూటికి 50.1. మూడు వారాల తర్వాత దుకాణాల నుంచి వచ్చిన లెక్కలో అది 63.

గింజ తెగ ఎదుట ఉప్పు కరిగించేలోపే మళ్లు పోయేవి. కొండ కాచుకున్నా నిలిచేది కాదు. ఫిబ్రవరి రెండో వారానికి పదిమంది ఆటగాళ్లలో ఏడుగురు గింజ తెగ పట్టారు. రాజమండ్రిలో ఒక దుకాణదారు కొండ తెగ ముక్కలు చెత్తబుట్టలో ఉన్న ఫొటో తీసి పంపాడు. తణుకు నుంచి ఒక పదో తరగతి అమ్మాయి ఉత్తరం రాసింది: "నాది ఏటి తెగ. మా క్లాసులో ఏటి తెగ నేనొక్కదాన్నే మిగిలాను. ఇకనుంచి నేను కూడా గింజ తెగే."

వేణుమాధవ్ ఆ ఉత్తరాన్ని ఫిబ్రవరి 12న సమావేశంలో చదివాడు.

"ప్లేటేమో యాభై అంటోంది. ఊరేమో అరవై మూడు అంటోంది. అబద్ధం ఎవరిది మాళవికా?"

"ప్లేటు అబద్ధం చెప్పదు సార్."

"ఊరు చెబుతుందా?"

జవాబు రెండు రోజుల తర్వాత దొరికింది. ఫిబ్రవరి 14 గురువారం. అప్పలసూరి ఆట ముగించి, "ఎవలికి దాస్తన్నావే" అన్నాడు. మాళవిక ఆ మాట అప్పటికి యాభై సార్లు పైగా విన్నది. ఈసారి తెర మీద మిగిలిన ముక్క కింద అంకె చూసింది. దాని బలం 19. ఆ ఆటలో బల్ల మీదకు వచ్చిన ఏ ముక్కకూ అంత బలం లేదు. అది దించి ఉంటే ప్లేటు గెలిచేది.

అతను వెళ్లాక ఆమె ఆటలన్నిటి ముగింపు లెక్క తీయించింది. మిగతా నాలుగు ప్లేట్లు నూటికి డెబ్బైకి పైగా ఆటల్లో చెయ్యి ఖాళీ చేశాయి. మూడో ప్లేటు ఒక్క ఆటలో కూడా చేయలేదు.

గింజ తెగలో ఎక్కువ పండేది ఆఖరి ముక్కే. మూడో ప్లేటు దాన్ని దించదు కాబట్టి ఓడేది. ఓడుతోంది కాబట్టి ముక్కలకు బలం పెంచారు. ఆ బలంతో ప్లేటు యాభైకి వచ్చింది. దుకాణాల్లో కొన్నవాళ్ల ఇళ్లలో ఆ అలవాటు లేదు. వాళ్లు ఆఖరి ముక్క దించారు.

సోమవారం మాళవిక ఇది వేణుమాధవ్‌కు చెప్పింది. 

"అంటే మనం గింజ తెగను తూచలేదు. ఆ అమ్మాయిని తూచాం" అన్నాడు.

"అవును సార్."

"పండే లెక్క మళ్లీ రౌండుకు ఒకటి చేసేస్తే?"

"గింజ తెగలో అరవై ముక్కలు సార్. అన్నీ ఈ ప్లేటును బట్టి సరిచేసినవే. ఏది ఎంత తగ్గించాలో చెప్పాల్సింది కూడా ఇదే ప్లేటు."

"కొత్త ప్లేటు?"

"ఏడు వారాలు పెంచాలి, మూడు నెలలు నేర్పాలి."

ఏప్రిల్ 20న విశాఖలో మొదటి పోటీ ఉంది. మూడు వందల మంది పేర్లు ఇచ్చారు. వేణుమాధవ్ గోడ మీది వాక్యాల వైపు చూశాడు. ఉన్న ప్లేటుకే ఆ ఒక్క అలవాటు మాన్పించడానికి ఎన్ని రోజులు పడుతుందని అడిగాడు.

"తొమ్మిది" అంది మాళవిక.

ఫిబ్రవరి 28, గురువారం ఆమె అప్పలసూరికి టీ తెప్పించి, ఆటకు ముందే విషయం చెప్పింది. అతను గ్లాసు ముట్టుకోలేదు.

"అంటే నా నోటమ్మటే వచ్చిందన్నమాట."

"మీరు చెప్పకపోయినా ఏదో ఒకరోజు తెలిసేది."

"సెప్పింది నానే గదా మేడమ్." అతను టికెట్ల యంత్రం పట్టుకునే చేతివేళ్లను రెండో చేత్తో నొక్కుకున్నాడు. "మాన్పించడమంటే ఏటి చేస్తారు?"

"ఆఖరి ముక్క ఉంచుకున్న ప్రతిసారీ చప్పుడు ఇస్తాం. మూడు సెకన్లు."

"రోజుకెన్నిసార్లు?"

"అయిదు వేలకు కాస్త తక్కువ."

"నొప్పుంటాదా?"

"తెలీదండీ. కొలిచే సాధనం లేదు."

"మీకేటనిపిస్తాది?"

"నాకనిపించింది చెబితే అది నిజమనుకుంటారు. అందుకే చెప్పను."

అతను పెట్టె వైపు చూశాడు. "ఇలాటిదే ఇంకోటి చేసీలేరా? ఇది మాకొగ్గీసి?"

"కణాలు పెంచగలం. ఆమె నెత్తురు ఇంకా ఉంది. నేర్పడానికి ఆమె లేదు."

"ఆడిన ఆటలన్నీ రాసుంచారు కదా. వాటితో నేర్పండి."

"మిగతా తెగలకు అలా చేసి చూశాం. నాలుగు ప్లేట్లు. నాలుగూ కంప్యూటర్ ఆడినట్టే ఆడాయి. మనిషి పక్కన కూర్చోవాలి."

ఒప్పంద పత్రం బల్ల మీద ఉంది. హైమ సంతకం చేసినది. తొమ్మిదో అంశం ప్రకారం, నెత్తురు ఇచ్చిన మనిషి చనిపోతే, ప్లేటును ఆపేయమని ఆ మనిషి పేర్కొన్న వారసులు ఎప్పుడైనా కోరవచ్చు. కోరిన ఇరవై నాలుగు గంటల్లో స్టూడియో ఆపాలి. ప్లేటును ఉన్నది ఉన్నట్టు ఉంచమని కోరే అంశం పత్రంలో లేదు. వారసురాలి గడిలో హైమ తల్లి పేరు రాసింది.

"సోమవారం దాకా ఆగుతాం" అంది మాళవిక. "మీ అమ్మగారు సంతకం పెడితే ఆపేస్తాం. మా సార్‌కు కూడా చెప్పాను. కాదనలేదు."

అప్పలసూరి ఆపమని కోరే కాగితం జేబులో పెట్టుకుని, ఆ రోజు ఆట ఆడి వెళ్లాడు. ఓడిపోయాడు. ప్లేటు ఒక ముక్క ఉంచుకుంది.

ఆదివారం పొద్దున సన్యాసమ్మ గుమ్మం దగ్గర కూర్చుని చేటలో బియ్యం పోసుకుని రాళ్లు ఏరుతోంది. అప్పలసూరి కాగితం తెచ్చి ఎదురుగా కూర్చున్నాడు. మూడు రోజులుగా అది అతని యూనిఫాం జేబులో ఉంది.

"ఏటిరా అది?"

"ఏలిముద్ర కాయితం. నువ్వేస్తే హైమ ప్లేటు ఆపీస్తారు. ఎయ్యాపోతే మార్చీస్తారు."

"మార్చడమేటి?"

అతను చెప్పాడు. ఆమె మధ్యలో ఆపకుండా విన్నది.

"ఇంటికి తెచ్చీలేమా?"

"తెస్తే పూటైనా ఉండదమ్మా. ఎప్పుడూ ఒకటే వేడుండాల. రెండ్రోజులకోసారి దాని నీళ్లు మార్చాల. ఆ నీళ్లు మనకి దొరకవు."

"నువ్వేటంటావు?"

"ఆపీమంటాను. ఆ ఒక్కటీ తీసీసినాక అది హైమెలగవుద్ది? ఎవలో దారినపోయేవోలు ఆడినట్టుంటాది. నాను అక్కడికెల్లి ఎవలితో ఆడాల?"

సన్యాసమ్మ ఒక రాయి ఏరి గుమ్మం బయటకు విసిరింది.

"ఆపడమంటే ఏటి చేస్తారు?"

"ఆ నీళ్లు మార్చడం మానీస్తారు. దానికి తిండదే. నాలుగైదు రోజుల్లో అయిపోతాది."

"ఇప్పుడు తింటన్నాదా?"

"తింటన్నాది."

"ఆసుపత్రిలో ఆరు రోజులూ ఒక్క మెతుకు మింగలేదురా అది. నోట్లో పెడితే పక్కకి ఊసీసింది. ఇప్పుడు తింటన్నాదని నువ్వే చెప్తన్నావు. తింటన్నదానికి కూడు ఆపీమని నాను ఏలిముద్రెయ్యాలా?"

"అమ్మా, అది హైమ కాదే. దాని నెత్తుట్లోంచి తీసిన..."

"మరి కాపోతే గురువారం గురువారం ఎందుకెల్తన్నావు?"

అతను చేటలోంచి ఒక రాయి ఏరి పక్కన పడేశాడు.

"మారితే మారనీ. అత్తోరింటికెల్తే మారదేటి ఆడపిల్ల?"

"అది అత్తోరిల్లు కాదమ్మా. మారేదాకా పొద్దస్తమానం చప్పుడు పెడతారు."

"ఎన్నాళ్లు?"

"తొమ్మిది రోజులు."

ఆమె చేట కింద పెట్టింది. కాగితం తీసుకుని నాలుగు మడతలు పెట్టింది. లోపలికి వెళ్లి బియ్యం డబ్బా ఎత్తి, దాని కింద పెట్టి, వచ్చి మళ్లీ చేట అందుకుంది.

సోమవారం సాయంత్రం అయిదు గంటల వరకు స్టూడియోకు కాగితం రాలేదు. మార్చి 5, మంగళవారం ఉదయం తొమ్మిదికి చప్పుడు మొదలైంది.

మొదటిరోజు మూడో ప్లేటు అన్ని ఆటల్లోనూ ఒక ముక్క ఉంచుకుంది. రెండో రోజు రెండు ఉంచుకోవడం మొదలుపెట్టింది. మూడో రోజు, గురువారం, చాలా ఆటల్లో మొదటి రౌండు నుంచే ముక్కలు దించడం మానేసింది. అయిదేసి ముక్కలు చేతిలో పెట్టుకుని ఓడిపోయింది. మాళవిక నోటుపుస్తకంలో దీన్ని "ఎదురు స్పందన, ఊహించినదే" అని రాసింది. అదే పేజీలో కింద ఇంకో వాక్యం రాసి కొట్టేసింది. ఆ వాక్యం చదవడానికి రాదు.

ఆ గురువారం అప్పలసూరి రాలేదు. డ్యూటీ మార్చుకున్నాడని డిపోలో చెప్పారు.

శుక్రవారం వేణుమాధవ్ తూకం గదికి వచ్చాడు. ప్లేటు సంకేతాలను వినిపించే స్పీకరు ఒకటి ఆ గదిలో ఉంటుంది. రెండేళ్లుగా అది వర్షం పడ్డట్టు టపటపమంటూ ఉండేది.

"స్పీకరు పాడైందా?"

"నేనే ఆపాను సార్."

 వెళ్లేముందు, "తర్వాతి పేకకు మనుషుల్ని మళ్లీ పిలుద్దాం. పన్నెండు మందిని" అన్నాడు.

"పదకొండు మంది సార్" అంది మాళవిక.

శనివారం 11 గంటల 20 నిమిషాలకు, చప్పుడు మొదలయ్యాక 19,640వ ఆటలో, ప్లేటు ఆఖరి ముక్క దించింది. చప్పుడు రాలేదు. తర్వాతి ఆటలో మళ్లీ ఉంచుకుంది. ఆ తర్వాతి రెండు ఆటల్లో దించింది. బుధవారం సాయంత్రానికి, కడపటి వెయ్యి ఆటల్లో 987 సార్లు దించింది. ఆ రోజు తూకం పట్టీలో గింజ తెగ గెలుపు నూటికి 62.8. ప్లేటు లెక్కా ఊరి లెక్కా కలిశాయి. గింజ ముక్కల బలం తగ్గించే పని గురువారం మధ్యాహ్నం మొదలుపెట్టాలని నిర్ణయించారు.

మార్చి 14, గురువారం ఉదయం 11 గంటల 5 నిమిషాలకు అప్పలసూరి వచ్చాడు. సందర్శకుల పుస్తకంలో సంతకం పెట్టాడు. అది యాభై తొమ్మిదోది.

"ఫోన్ చేశాను, శనివారం" అంది మాళవిక.

"చూసినాను మేడమ్. ఎందుకో తెలిసింది. ఎత్తలేదు."

"ఈ రోజు ఆడకపోయినా ఏం లేదండీ."

"అమ్మ అడుగుతాది" అన్నాడు.

ఉప్పు తెగ కట్ట కలిపి ఏడు ముక్కలు తీసుకున్నాడు. బల్ల మీది కెమెరా అతని ముక్కలను నమోదు చేస్తుంది. ప్లేటు ముక్కలు తెర మీద కనిపిస్తాయి. మొదటి మూడు రౌండ్లలో ప్లేటు రెండు ముక్కలే దించి మిగతావి పండనిచ్చింది. గింజ తెగ ఆడే తీరు అదే. నాలుగో రౌండులో అప్పలసూరి ఒక మడిలోని ముక్కను కరిగించి ఆ మడి తీసుకున్నాడు. ప్లేటు దాన్ని ఆరో రౌండులో తిరిగి తీసుకుంది. ఎనిమిదో రౌండులో ఎడమవైపు మడిని వదిలేసి మధ్య మడి పట్టింది.

"ఇది మాత్రం అదే" అన్నాడు అప్పలసూరి. "ఎడం పక్క ఎప్పుడూ ఒగ్గీస్తాది."

పదో రౌండు ముగిసేసరికి ఇద్దరివీ చెరి నాలుగు మళ్లు. ఒక మడి మిగిలింది. ఇద్దరి చేతుల్లో చెరో ముక్క ఉంది. ఎత్తు ప్లేటుది.

ప్లేటుకు ఒక ఎత్తుకు సగటున సెకను పడుతుంది. ఈ ఎత్తుకు నాలుగు సెకన్లు తీసుకున్నట్టు రికార్డులో ఉంది. ఆఖరి ముక్కను మిగిలిన మడిలో దించింది. దాని బలం 21.

అప్పలసూరి తెర వైపు చూశాడు. ప్రతి గురువారం అనే మాట అనలేదు. అతని వంతు గడువు తొంభై సెకన్లు. తొంభై సెకన్లూ అయిపోయాయి. యంత్రం ఆట ముగించి, గెలుపు మూడో ప్లేటుకు వేసింది. అతను చేతిలోని ముక్కను బల్ల మీద బోర్లా పెట్టాడు. సంచి తీసుకున్నాడు. 11 గంటల 50 నిమిషాలకు పుస్తకంలో బయటకు వెళ్లిన సమయం వేసి వెళ్లిపోయాడు.

ఆ మధ్యాహ్నం మాళవిక ఆట రికార్డు తెరిచింది. కెమెరా నమోదు చేసిన ప్రకారం అప్పలసూరి చేతిలో మిగిలినది ఉప్పు తెగలో తొమ్మిదో నంబరు ముక్క. అది ఎదుటి ముక్క బలం ఎంతున్నా కరిగించి ఆ మడిని తీసుకుంటుంది. ఆట ముగిసేసరికి మూడో ప్లేటు చేతిలో ముక్కలు లేవు. అప్పలసూరి చేతిలో ఒకటి ఉంది.